వంటగది కింది చిప్పలు

1998 వేసవి చివర, మార్లో పాయింట్‌లో పదకొండు రోజుల పాటు గాలి లేదు.

ఆ పదకొండు రోజులూ, ఊరంతా లెమ్ అని పిలిచే లెమ్యూల్ డైజ్ ఎప్పటిలాగే నాలుగున్నరకు లేచాడు. ఎప్పటిలాగే తన కాఫీ తానే కాచుకున్నాడు, భార్య ఓమా కాస్తే పల్చగా కాస్తుందని. ఆ మాట నలభై ఆరేళ్లుగా అంటున్నాడు. ఆవిడ నలభై ఆరేళ్లుగా చెవిన పెట్టడం లేదు. కప్పు పట్టుకుని వంటగది కిటికీ పక్కన కూర్చుంటే చెసపీక్ బే, ఆ ఉప్పునీటి అఖాతం, అంతా కనబడుతుంది. పళ్లెంలో పోసిన పాలలా కదలకుండా ఉంది. రేవులో తొమ్మిది తెరచాప పడవలు తమ నీడల మీద తామే నిలబడి ఉన్నాయి. స్కిప్‌జాక్‌లంటారు వాటిని. ఆల్చిప్పలు పట్టే పడవలు. తెరచాపతో తప్ప ఇంజనుతో పట్టకూడదని చట్టం ఉన్న పడవలు.

పోటు నిండే వేళకు మాత్రం కిటికీకున్న పసుపు తెర ఒకసారి లేచి పడేది. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న బూడిదరంగు చొక్కా చెయ్యి కూడా కొంచెం ఊగేది. మళ్లీ అంతా మామూలే.

"మళ్లీ కదిలింది," అంది ఓమా, రొట్టె కోస్తూ.

"ఏం కదిలింది?"

"తెర. ఊళ్లో ఆకు కదలడం లేదు, మన వంటగదిలో తెర కదులుతోంది. పోటు వచ్చినప్పుడల్లా."

"ఎలుకయ్యుంటుంది."

"తెర ఊపే ఎలుకనా? దాన్ని పట్టుకుని నీ పడవలో పెట్టుకో, పనికొస్తుంది."

లెమ్ మిగిలిన కాఫీ తాగాడు.

ఆ చొక్కా వైపు మాత్రం చూడలేదు. అది కూతురు వెర్నాకు జైలు వాళ్లు పంపిన చొక్కా. పాతిక మైళ్ల అవతల కొత్త జైలు కట్టాక, ఊళ్లో సగంమంది పడవలు కట్టేసి అక్కడ కాపలా ఉద్యోగాల్లో చేరారు. వెర్నాకు ముప్పై నాలుగేళ్లు. పదహారో ఏట నుంచీ తండ్రి పడవ 'హెస్టర్ డైజ్' మీదే పనిచేసింది. చుక్కాని పట్టిందంటే తండ్రికంటే నేర్పరి, ఆ సంగతి ఆయన ఒక్కరోజూ పైకి అనలేదు. ఆల్చిప్పలుంటే ఆమె కెప్టెన్ అయ్యేది. లేవు. పదిహేనేళ్ల కింద తెగులు పట్టి, బే అడుగున ఆల్చిప్పలు గుట్టలుగా పెరిగే దిబ్బలు ఒకటొకటిగా చచ్చిపోయాయి. తాత పేరుతో పిలిచే డైజ్ దిబ్బ మీద ఇప్పుడు వల గీస్తే బురద వస్తుంది. జైలువాళ్లకు మంగళవారంలోగా వెర్నా జవాబు చెప్పాలి.

మార్లో పాయింట్‌లో గాలి కొనుక్కుంటారు. తాతల నాటి నుంచీ అంతే. చాప వాలిపోతే జేబులోంచి ఒక సెంటు తీసి, వెనక్కి చూడకుండా భుజం మీదుగా నీళ్లలో వేస్తారు, కాసేపటికి గాలి వస్తుంది. ఒక సెంటుకి పిల్లగాలి. అయిదు సెంట్ల బిళ్లకు రోజంతా నడిచే గాలి. పాతిక సెంట్లు వేసేవాడికి అంత తొందరేమిటో ఊళ్లో అందరూ అడుగుతారు. అంతకంటే ఎక్కువ ఎవరూ వేయలేదు, 1957లో లెమ్ వాళ్ల అన్న ఆల్విన్ వేసిందాకా. మర్నాడే అతని పెళ్లి. ఇంటికి త్వరగా పోవాలని ఒక వెండి డాలరు విసిరాడు. డాలరుకు తగ్గ గాలే వచ్చింది. పడవ మూడో రోజు దొరికింది. ఆల్విన్ దొరకలేదు. ఆ రోజు నుంచీ లెమ్ గాలి కొనడం మానేశాడు. ఊరికే వచ్చిన గాలితోనే పడవ నడిపాడు, రానినాడు కూర్చున్నాడు. మొండివాడన్నారు. ఔనన్నాడు.

దిబ్బలు చచ్చాక గాలి ధర కూడా పెరిగింది. కిరాణా దుకాణంలో కిరసనాయిలు రేటు గురించి సణిగినట్టే దాని గురించీ సణుగుతారు. అయిదు సెంట్లు వేస్తే చాప ఒక్కసారి దులుపుకుని ఊరుకుంటుంది. ఈ ఏడు ఆగస్టు నుంచి అదీ లేదు. నాణెం బుడుంగుమంటుంది, అంతే.

ఈ గాలి లేని రోజుల్లోనే డ్రుసిల్లా వెబ్‌స్టర్ పందెం వచ్చి పడింది.

డ్రుసిల్లా ఒకప్పుడు బడిపంతులమ్మ. ఇప్పుడు చిప్పల దిబ్బల సంఘం నడుపుతోంది. చచ్చిన దిబ్బ మీద పాత చిప్పలు పోసి, వాటిమీద పిల్ల చిప్పలు చల్లితే దిబ్బ మళ్లీ లేస్తుందని ఆమె లెక్క. చిప్పకు చిప్పే కావాలి, బురదలో అది బతకదు. దానికి బార్జి అనే పెద్ద సరుకు పడవ నిండా చిప్పలు, ఒక బార్జి నిండా పిల్లలు కావాలి. ఆమె సరాసరి అనాపొలిస్ పట్నం వెళ్లి షికారు పడవల వాళ్ల క్లబ్బులో మాట్లాడింది. ఎండాకాలమంతా ఈ నీళ్ల మీదే కదా మీ సరదా, ఈ నీళ్లకు మీరేమిస్తారని అడిగింది. క్లబ్బు పెద్ద విట్‌కమ్ అనే ఆయన, మర్యాదస్తుడే, ఒక మాటన్నాడు. సెప్టెంబరు మొదటి సోమవారం ఎప్పుడూ జరిగే పడవ పందెంలో, మిగిలిన ఆ తొమ్మిది స్కిప్‌జాక్‌లూ పొద్దుగూకేలోగా చాపతో తిరిగి వస్తే, డైజ్ దిబ్బ ఖర్చంతా తమ క్లబ్బుదే. ఊరి పడవలన్నీ ఒకేసారి చాపలెత్తుకుని రావడం వాళ్ల నాన్న చూశాడట. తను చూడలేదట. ఒక్కటి తగ్గినా మామూలు చందా ఇచ్చి వెళ్లిపోతారు.

ఆదివారం మధ్యాహ్నానికి షికారు పడవలన్నీ వచ్చి రేవు నిండిపోయింది. డ్రుసిల్లా రేవు చివర ఒక బకెట్టు పెట్టి, పైన పెద్ద అక్షరాలతో 'బేకి ఇవ్వండి' అని అట్ట కట్టింది. వచ్చినవాళ్లు ఊరి సంగతి అంతో ఇంతో విన్నవాళ్లే. అట్ట చదివారు, జేబులు తడుముకున్నారు, బకెట్టు పక్కనుంచి వంగి నాణేలు నీళ్లలో వేశారు.

"బకెట్లో, బాబూ, బకెట్లో," అంది డ్రుసిల్లా.

"బేకి ఇవ్వమని రాశారు కదండీ?"

"రాశాను. బే బకెట్లోంచి తీసుకుంటుంది."

గాలి రాలేదు. రేవు అంచున కూర్చుని తాడు ముళ్లేసుకుంటున్న లెమ్ పదిహేను రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"నవ్వండి, కెప్టెన్ లెమ్," అంది డ్రుసిల్లా. "రేపు గాలి లేకపోతే అప్పుడూ నవ్వుదురుగాని. ఊళ్లో తలా ఒక డాలరు వేద్దామంటున్నారు. మీరేమంటారు?"

"నేను గాలి కొనను."

"మీ దిబ్బ కోసమే కదా."

"దిబ్బ నాది కాదు. పేరే మాది."

పక్క పడవ మీద నుంచి నారిస్ బ్రాడ్‌షా తొంగి చూశాడు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు, అప్పటి నుంచీ ఒకరినొకరు గిల్లుకుంటూనే ఉన్నారు.

"వాణ్ణడిగి లాభం లేదమ్మా," అన్నాడు నారిస్. "వాడి కూతురు ఆల్చిప్పలొదిలేసి చిప్పకూడు వండేచోటికి పోతోంది. వాడికిక దిబ్బెందుకు?"

"కాపలాకి పోతోంది, వంటకి కాదు," అన్నాడు లెమ్.

"ఏదైతేనేం, గోడల మధ్యేగా. అక్కడ గాలి గొడవ ఉండదులే."

లెమ్ ముడి బిగించి లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లవారింది. పోటు నిండుతోంది. ఓమా ఈసారి తెర లేచి పడినప్పుడు వేలెత్తి చూపించింది, అంతే. కప్పు అక్కడే పెట్టి లెమ్ వంటగది మెట్లు దిగాడు.

ఆ ఇల్లున్నది నేల మీద కాదు. లెమ్ తాత రోజుల్లో అక్కడంతా రెల్లు పెరిగిన చిత్తడి. తాత చిప్పలు ఒలిచే కొట్టం నడిపేవాడు. మాంసం బండ్లలో పట్నానికి పోయేది, చిప్పలు వెనక్కి పారపోసేవారు. ముప్పై ఏళ్లు పోశారు. ఆ చిప్పల గుట్టే పెరడైంది, దాని మీద ఇల్లు కట్టారు. పారతో రెండు జానలు తవ్వితే ఎక్కడైనా తెల్లటి చిప్పలే.

నీటి అంచున పెరడు కొంచెం కోసుకుపోయి ఉంది. చిన్న అల వచ్చి తాకింది. నాలుగు చిప్పలు జారి నీళ్లలో పడ్డాయి. లెమ్ మెడ మీద చల్లగా తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే పైన కిటికీలో పసుపు తెర లేచి ఉంది.

వంగి ఒక చిప్ప తీసి వేశాడు. తెర కదిలింది. రెండు వేశాడు. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు కూడా ఊగాయి.

మెట్లెక్కి లోపలికి వెళ్లాడు. వెర్నాను లేపాడు.

"పార పట్టుకురా. తట్టలన్నీ పడవలో వెయ్యి."

వెర్నా వచ్చి చూసింది. ఆమె కూడా ఆ ఊరిదే కాబట్టి ఎందుకని అడగలేదు. వేరే సంగతి అడిగింది.

"గాలి కొననని ఒట్టు పెట్టుకున్నావుగా, నాన్నా?"

"కొనడం లేదు. మనం బే నుంచి తీసుకున్నది దానికి తిరిగిస్తున్నాం. ఇన్నాళ్లూ మాంసం తిని, చిప్పలు మన కింద పరుచుకుని, దానికి రాగి బిళ్లలు విసిరాం. దానికి రాగెందుకు?"

"అంటే ధర పెరగలేదంటావా?"

"మనమే తప్పు సరుకు ఇచ్చాం."

ఇద్దరూ, పడవలో పనిచేసే ఇద్దరు కళాసీలూ కలిసి మధ్యాహ్నం దాకా తవ్వారు. పెరడు నీటివైపు మూలంతా గుంటయింది. ముప్పై తట్టలు పడవకెక్కాయి. ఇంటికి పది అడుగుల దూరంలో లెమ్ తన మడమతో ఒక గీత గీసి, దాని లోపల పార పెట్టొద్దన్నాడు. ఓమా మెట్ల మీద కూర్చుని టమాటాలు కోస్తూ ఆ గీతను చూసింది.

రెండు గంటలకు పందెం మొదలైంది. దారి తేలికే. మైలు దూరంలో డైజ్ దిబ్బ మీద నీళ్లలో తేలే ఎర్ర గుర్తు, బోయా, ఉంది, దాన్ని చుట్టి తిరిగి చర్చి రేవుకు రావాలి. తొమ్మిది పడవలూ చాపలెత్తాయి. చాపలు దుప్పట్లలా వేలాడాయి. ఆటు మొదలై నీళ్లు బయటికి పోతుంటే వాటితోపాటే పడవలు కూడా మెల్లగా కొట్టుకుపోయాయి. ఒడ్డున జనం బీరు తాగారు, పీతల పులుసు తాగారు. నాలుగున్నరకు తొమ్మిది పడవలూ బోయా దగ్గర గుంపుగా ఆగాయి. వెనక్కి రావాలంటే ఆటుకు ఎదురు రావాలి. గాలి లేకుండా అది జరిగే పని కాదు.

లెమ్ బోయా పక్కనే, సరిగ్గా దిబ్బ నడినెత్తిన లంగరు వేయించాడు.

"ఒరేయ్ లెమ్," అని అరిచాడు నారిస్, "పందెం మధ్యలో లంగరేసిన మొనగాణ్ణి నిన్నే చూశాను."

"నోరు మూసుకుని నీ చాప చూసుకో."

మొదటి తట్ట తిరగేశారు. చిప్పలు గలగలమని జారి మునిగిపోయాయి. నీటి మీద ముడతలు లేచాయి. పక్కనున్న నారిస్ చాప నిండింది. అతను తట్టవైపు చూశాడు, లెమ్ వైపు చూశాడు, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. చుక్కాని తిప్పి ఇంటిదారి పట్టాడు.

ఒక తట్టకు మూడు నిమిషాల గాలి. ఎక్కువా లేదు, తక్కువా లేదు. రెండు తట్టలు కలిపి తిరగేసినా గాలి పెరగలేదు, ఆరు నిమిషాలుంది, అంతే. అది చూసి లెమ్ తర్వాతి తట్టకు తానే చెయ్యి వేశాడు. నాణెమైతే ఎంత వేస్తే ఎంత వస్తుందో భయం. ఇది కొలిచినట్టు వస్తోంది.

"మనం కూడా కదులుదాం, నాన్నా," అంది వెర్నా. "దారిలో పోస్తూ పోదాం."

"దిబ్బ మీద పడాలి. దారిలో పడితే బురదలో పోతాయి."

"మనమే ఆఖరవుతాం."

"అవుతాం."

ఒక్కొక్క పడవే వాళ్లను దాటి పోయింది. మూడు, అయిదు, ఏడు. గాలి ఒకే తీరుగా ఉంది. ఎనిమిదోది ముసలి పడవ, లోపలికి నీళ్లు కారే పడవ, అది చర్చి రేవు చేరేసరికి ఆరయింది. ఒడ్డున చప్పట్లు వినిపించాయి. 'హెస్టర్ డైజ్' మీద ఆఖరి తట్ట ఖాళీ అయింది. లంగరు పైకి లాగారు. పడవ నాలుగు వందల గజాలు నడిచింది. చాప వాలిపోయింది.

సూర్యుడు నీటికి జానెడు పైన ఉన్నాడు. ఆటు పడవను మళ్లీ బయటికి లాగుతోంది.

కళాసీలు తట్టల అడుగులు దులిపి, ఉన్న చిప్పముక్కలు కూడా వేశారు. ఆవలింతంత గాలి వచ్చి పోయింది. వెర్నా జేబులో చెయ్యి పెట్టింది. తీసినప్పుడు అరచేతిలో పాతిక సెంట్ల బిళ్లలు నాలుగున్నాయి.

లెమ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు."

"ఒక్కటి వేస్తాను."

"ఆల్విన్ కూడా ఒక్కటే వేశాడు."

"అప్పుడు దిబ్బలు బతికున్నాయి, నాన్నా. ఇప్పుడు ఇవి పనిచేయవేమో కూడా."

"పనిచేస్తే?"

ఆమె చెయ్యి లాక్కోలేదు, మూయలేదు. "నాకు ఆ చొక్కా వేసుకోవాలని లేదు," అంది. ఆ మాట ఆమె ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

ఆయన పట్టు వదల్లేదు.

అప్పుడు గాలి వచ్చింది. ఒడ్డువైపు నుంచి, పక్కవాటుగా, చాపకు కావలసినట్టే. అందులో ఉడికిన టమాటాల వాసన ఉంది, వేగిన ఉల్లి వాసన ఉంది, పల్చటి కాఫీ వాసన ఉంది. లెమ్ దుర్భిణీ తీసి ఇంటివైపు చూశాడు.

ఓమా గౌను మోకాళ్ల దాకా ఎగదోపుకుని వంటగది మెట్ల కింద నిలబడి ఉంది. చేతిలో పార. గీతకు లోపల. ఒక పారెడు తవ్వుతోంది, నీళ్లలోకి తోస్తోంది, మళ్లీ తవ్వుతోంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, తోటపని తప్ప వేరే మట్టిపని చేసిన మనిషి కాదు. పైన కిటికీలో పసుపు తెర గాలికి పూర్తిగా బయటికి వచ్చి ఎగురుతోంది. అది పడిపోయినప్పుడల్లా ఆమె తలెత్తి చూసి, మళ్లీ వంగుతోంది.

"ఏమిటి?" అంది వెర్నా.

లెమ్ దుర్భిణీ ఆమెకిచ్చాడు. ఆమె చూసి దింపింది.

"ఆగమని చెప్పాలి," అంది. "అది వంటగది పునాది."

మైలు దూరం. చెప్పడానికి వీల్లేదు. వీలున్నా ఓమా ఆయన మాట ఎప్పుడు విన్నది గనక. లెమ్ చుక్కాని దగ్గర్నుంచి లేచాడు.

"నువ్వు పట్టు," అన్నాడు కూతురితో. "నీకే బాగా వచ్చు."

వెర్నా ఒక్క క్షణం ఆయన్ను చూసి, చుక్కాని అందుకుంది. ఒక్క గజం గాలి వృథా చేయకుండా పడవను నడిపింది. సూర్యుడి అంచు నీటిని తాకినప్పుడు 'హెస్టర్ డైజ్' చర్చి రేవు దాటింది. రేవు మీద విట్‌కమ్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డ్రుసిల్లా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. నారిస్ తాడు అందుకుని కట్టాడు, పక్కకు చూస్తూ అడిగాడు:

"చుక్కాని పట్టిందెవర్రా? నీ చేతి పని కాదే అది."

"కెప్టెన్," అన్నాడు లెమ్.

ఇంటికి వెళ్లేసరికి ఓమా మెట్ల మీద కూర్చుని చేతుల బొబ్బలు చన్నీళ్లలో ముంచుకుని ఉంది. ఆయన పక్కన కూర్చున్నాడు. మెట్టు ఇదివరకటి కంటే ఒక పక్కకు వాలింది.

"గీత లోపల తవ్వొద్దన్నానుగా."

"నాతో అనలేదు. కళాసీలతో అన్నావు." చేతులు దులుపుకుని అంది, "ఎన్నోది మనది?"

"తొమ్మిదోది."

"అదే లెక్కేశాను."

ఆయన లోపలికి వెళ్లి రెండు కప్పుల కాఫీ కాచి తెచ్చాడు. పల్చగా కాచాడు.

మంగళవారం వెర్నా జైలుకు జవాబు రాసి, బూడిదరంగు చొక్కా మడతపెట్టి అదే పొట్లంలో తిరిగి పంపింది. మరుసటి జూన్‌లో షికారు పడవల వాళ్ల రెండు బార్జీలు వచ్చి డైజ్ దిబ్బ మీద చిప్పలూ పిల్లలూ పోశాయి. మూడేళ్లకు దాని మీద చిప్పలు అరచేయంత అయ్యాయి. 'హెస్టర్ డైజ్'ను ఇప్పుడు నడుపుతున్నది వెర్నా. సీజను ముగిసినప్పుడల్లా, పట్టినవాటి చిప్పలన్నీ దిబ్బ మీదికే తీసుకువెళ్లి పోస్తుంది. ఊళ్లో మిగతావాళ్లూ అంతే చేస్తున్నారు. నాణేలు బకెట్లో వేస్తున్నారు.

ఆ బార్జీలు రాకముందే, 1999 జనవరి పౌర్ణమి పోటుకు లెమ్యూల్ డైజ్ ఇంటి వంటగది జారి బేలో పడింది. పొయ్యి, మూడు మెట్లు, కిటికీ, పసుపు తెర పోయాయి.